వట్టి చేతులతో పంపకూడదు

జూన్ 3, మంగళవారం

మా ఆయన అంగడి మూసేసిన సంవత్సరం అచ్చు వేయించిన డైరీలు ఇంకా పదకొండు మిగిలి ఉన్నాయి. 2019వి. వారాలు ఒక రోజు వెనక నడుస్తాయి కాబట్టి ప్రతి పుటలోనూ దిద్దుకోవాలి. ముప్పై నాలుగేళ్ళు హైస్కూలు పిల్లల లెక్కలు దిద్దిన చెయ్యి, ఊరికే ఉండలేదు. పుట అడుగున "లక్ష్మీనారాయణ అండ్ సన్స్, చీరల హోల్‌సేల్, చిక్కపేట" అని ఉంటుంది. సన్స్ అని బహువచనం వేయించారు, ఆశ కొద్దీ. ఉన్నది రాఘవేంద్ర ఒక్కడు. వాడు హొసకోటెలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసుకుంటున్నాడు. పట్టుకూ పాలిస్టరుకూ తేడా చెప్పలేడు.

వాడి కూతురు నవ్య రెండేళ్ళుగా నా దగ్గర ఉంటోంది. ఇక్కడ మెట్రో ఎక్కితే జయనగరలో ఆఫీసు దగ్గరే దిగవచ్చునట. ముసలిదాన్ని ఒంటరిగా వదలలేక వచ్చానని మాత్రం అనదు. అంటే మర్నాడే పంపించేస్తానని దానికి తెలుసు.

రాయాలనుకున్నది ఇది కాదు. సాయంత్రం అది వంటింట్లో ఉండి, గుసగుసగా, "అవ్వా, వినపడతా ఉండాదా?" అంది. చెవి మిషన్లు పెట్టిన నాటి నుంచీ ఇదొక పరీక్ష దానికి. నేను జవాబివ్వను. బ్యాటరీ దండగని సగం రోజు మిషన్లు ఆపేసే ఉంచుతానని అది మొత్తుకుంటుంది. ఈ రోజు ఆపలేదు. ఆపానని అది అనుకుంది. వెంటనే ఫోను తీసి స్నేహితురాలు స్వప్నతో మాట్లాడింది.

"లేదే, కార్డుకు ఈ నెల కూడా మినిమమ్ డ్యూ అంతే కట్టినా. బ్యాలెన్స్ తగ్గనే తగ్గదు. ఆ లోన్ యాప్ పేరు పంపు, పద్దెనిమిదో తేదీ బిల్లు వచ్చినాక ఒకేసారి ఎత్తి ఇందులో పడేస్తా. అవ్వకు మాత్రం తెలియకూడదప్పా."

చెవిటిదనుకున్న మనిషి ఎదుట లోకం చాలా నిజాయితీగా మాట్లాడుతుంది. అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. అదీ ముక్కూ మొహం తెలియని యాప్ దగ్గర.

జూన్ 4, బుధవారం

నవ్య కాళ్ళకు కొత్త బూట్లు. తెల్లవి. ఆరు వేలకు తక్కువ ఉండవు.

జూన్ 7, శనివారం

పొద్దున దోసె వేస్తూ అడిగాను, "కార్డులో ఎంత బాకీ ఉండాది?"

"ఏ కార్డవ్వా?"

"రేషన్ కార్డు."

దాని ముఖం పాలిపోయింది. తర్వాత తేరుకుని, "నేను ఒక్క నెల కూడా మిస్ చేయలేదవ్వా. ప్రతి నెలా కడతానే ఉండా" అంది.

"ఎంత కడతా ఉండావు?"

"మినిమమ్. నువ్వే కదా చెప్పినావు."

"నేనా?"

"ఫస్ట్ కార్డు వచ్చినప్పుడు. బిల్లులో రెండు నంబర్లు ఉండాయి అవ్వా, ఫుల్లు ఒకటి, మినిమమ్ ఒకటి, ఏది కట్టల్ల అని అడిగినా. ఎంతో కొంత చేతిలో పెట్టు, వట్టి చేతులతో పంపకూడదు, మర్యాద నిలుస్తాది అన్నావు."

నేను అట్లా చెప్పి ఉండను.

"దేనికి గీకినావు అంత?" అన్నాను. "బూట్లకా? ఆ నూటెనభై రూపాయల కాఫీలకా? మీ తాత ముప్పై ఏళ్ళు ఒక్క జత చెప్పులతో అంగడి నడిపినాడు" అన్నాను. (అబద్ధం. ఆయనకు చెప్పుల పిచ్చి.)

అది నవ్వలేదు. "ఏదో అవసరమవ్వా. సారీ" అని కంచం కడిగి పెట్టి వెళ్ళిపోయింది. రెండో దోసె తినలేదు.

జూన్ 8, ఆదివారం

నేను అట్లా చెప్పి ఉండను. లెక్కల టీచరు అట్లా చెప్పదు.

జూన్ 11, బుధవారం

ఆవులప్ప వచ్చాడు. మా అంగడి గుమాస్తాగా ఉండి, ఇప్పుడు అదే సందులో లైనింగు గుడ్డల అంగడి పెట్టుకున్నాడు. నెలకొకసారి వచ్చి, కాఫీ తాగి, బెంగళూరు చెడిపోయిందని చెప్పి వెళ్తాడు. ఈసారి నేనే కదిపాను.

"ఆవులప్పా, శనివారం వసూలుకు వచ్చే వాళ్ళకు అయ్యగారు ఏమిచ్చేవారు?"

"నీకు తెలియనిదేముండాదమ్మా. కాఫీ నువ్విస్తా ఉంటివి, డబ్బు ఆయనిస్తా ఉండె. యాభై వేలు బాకీ ఉంటే ఐదు వేలన్నా చేతిలో పెడతా ఉండె. ఒక్కణ్ణి వట్టి చేతులతో పంపిండ్లేదు."

"మిగిలిన దానికి వడ్డీ?"

"వడ్డీ యాడిది? ముఖం చూసి ఇచ్చిన సరుకు. పేటలోనోళ్ళు అంతా మనోళ్ళే." కాఫీ గుటక వేసి, తనంతట తానే అన్నాడు, "సూరత్ మిల్లు బిల్లుకు అట్ల కాదమ్మా. నలభై ఐదు దినాలు గడువు. ఒక దినం దాటితే వడ్డీ మీద వడ్డీ. దానికి అయ్యగారు నలభై నాలుగో దినమే పూరా కట్టేస్తా ఉండె. ఆ డబ్బు వేరే సంచిలో పెట్టి, ఆకలైనా ముట్టిండ్లేదు."

ఆ సంచి సంగతి నాకు తెలియదు. నాకు తెలిసింది శనివారాలే. సూరత్ వాళ్ళు ఇంటికి వచ్చి కాఫీ తాగలేదు కాబట్టి వాళ్ళ లెక్క నా దాకా రాలేదు.

"మరి బ్యాంకు కార్డు? అది పేటవాళ్ళ లెక్కా, మిల్లు లెక్కా?" అన్నాను.

"దానికి ముఖం యాడుండాదమ్మా, చూసి ఇచ్చేకి?" అని గ్లాసు కింద పెట్టాడు.

అతను వెళ్ళాక చాలాసేపు గ్లాసు కడగలేదు.

జూన్ 12, గురువారం

చెప్పాను. వట్టి చేతులతో పంపకూడదని నేనే. ఆ రోజు మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. అది ఫోను చూపించింది. అద్దాలు లేవు. చూడకుండానే చెప్పాను.

జూన్ 13, శుక్రవారం

ఎడమ చెవి మిషన్ ఈల వేస్తోంది. ప్రెషర్ కుక్కర్ లాగా. సోమవారం వెళ్ళి చూపించాలి. నవ్య ఆఫీసుకు సెలవు పెట్టి వస్తానంది. అవసరం లేదన్నాను. దానితో సరిగ్గా మాట్లాడి ఆరు రోజులైంది. ఎవరిది తప్పో తెలిశాక మాట్లాడటం ఇంకా కష్టంగా ఉంది.

మిషన్ల గురించి ఒక మాట. పోయిన అక్టోబరులో తెచ్చింది. "ఆఫీస్ ఇన్సూరెన్స్ అవ్వా, అంతా ఫ్రీ" అంది. కొత్తిమీర కట్టకు రెండుసార్లు బేరమాడే నేను ఆ బిల్లు ఎందుకు అడగలేదు? మరిచిపోయాను.

కాదు. మరిచిపోలేదు. మిషన్లు పెట్టుకున్న మర్నాడు ఉదయం మేడ మీద పావురాళ్ళ రెక్కల చప్పుడు విన్నాను, నాలుగేళ్ళ తర్వాత. అడగాలనిపించలేదు.

జూన్ 16, సోమవారం

క్లినిక్‌లో చిన్నమ్మాయి. మిషన్‌లో మురికి తీసి ఈల మాన్పించింది. పాత బిల్లు కావాలన్నాను. కంప్యూటర్‌లో తీసి ఇచ్చింది.

రెండు చెవులకూ కలిపి లక్షా ఇరవై నాలుగు వేలు. ఇన్సూరెన్స్ అన్న గడి ఖాళీ. చెల్లింపు: క్రెడిట్ కార్డు. కింద నవ్య సంతకం. దాని సంతకంలో 'య' ఎప్పుడూ తోక ఎగరేసుకుని ఉంటుంది, చిన్నప్పటి నుంచీ తిడుతున్నాను.

ఇవి వెనక్కి తీసుకోండి అన్నాను ఆ పిల్లతో.

"ఏమ్మా, సరిగ్గా వినపడటం లేదా?"

"వినపడతా ఉండాది. అదే ఇబ్బంది."

ముప్పై రోజుల లోపల అయితే తీసుకునేవారట. ఇప్పుడు ఎనిమిది నెలలు. మిషన్లు నా చెవుల కొలతకు పోసినవి, ఇంకెవరికీ పనికిరావు. "మీ మనవరాలు మూడుసార్లు వచ్చి అన్ని మోడల్స్ చూసిందమ్మా. చీపుగా ఉండేది వద్దు, మా అవ్వ పిల్లలకు ట్యూషన్ చెప్పేటప్పుడు వెనక బెంచీ మాట కూడా వినపడల్ల అన్నింది" అంది.

నాకు ట్యూషన్ పిల్లలు ఇప్పుడు ముగ్గురే. వెనక బెంచీ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో రెండు మిషన్లూ పెట్టుకుని, బ్యాటరీ దండగ అనుకోకుండా కూర్చున్నాను. ఎంత గోల! ఇరవై రెండేళ్ళ కుర్రాడొకడు ఫోనులో తల్లికి అబద్ధం చెబుతున్నాడు, తిన్నానని. బాగా చెప్పాడు. ఎనిమిది నెలలు మా ఇంట్లో ఒకరు చెప్పినంత బాగా కాదు.

జూన్ 17, మంగళవారం

బిల్లు టేబుల్ మీద, ఉప్పు డబ్బా కింద పెట్టాను. ఆఫీసు నుంచి వచ్చి చూసింది. నిలబడే ఉంది, బ్యాగు భుజం మీదే.

"ఎందుకు అబద్ధం చెప్పినావు?"

"నిజం చెప్తే పెట్టుకుంటా ఉంటివా?"

బిల్లును మళ్ళీ ఉప్పు డబ్బా కిందికి నెట్టాను.

"ఎలిజిబిలిటీ లేదు, ఇన్సూరెన్స్ వాళ్ళు దీనికియ్యరు అన్నారు అవ్వా. శాలరీ పెరుగుతాది, మూడు నెలల్లో కట్టేస్తా అనుకున్నా. పెరగలేదు. మినిమమ్ కడతా ఉంటే సరిపోతాది అనుకున్నా." "నువ్వు నన్ను పిలుస్తా ఉంటివి, నేను పలుకుతా ఉంటి, నీకు వినపడక మళ్ళీ పిలుస్తా ఉంటివి. నేను అది చూడలేకపోయినా."

"బూట్లు?"

"స్వప్న ఇచ్చింది. బర్త్‌డేకి."

"ఎప్పుడు బర్త్‌డే?"

"మే ముప్పై."

నేను మరిచిపోయాను. పాయసం కూడా చేయలేదు. పద్దెనిమిది రోజుల ఆలస్యంతో ఇప్పుడే స్టవ్ మీద సేమ్యా పెట్టి వచ్చి ఇది రాస్తున్నాను.

జూన్ 19, గురువారం

నిన్న బిల్లు వచ్చింది. పాత క్యాలెండర్ వెనక లెక్క వేసి చూపించాను. ఇరవై ఐదేళ్ళది, డిగ్రీ ఉంది, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది, తొమ్మిదో క్లాసులో కూర్చున్నట్టే.

అసలు లక్షా ఇరవై నాలుగు వేలు. తర్వాత నెలకు ఒక వెయ్యి చిల్లర ఖర్చు. ఎనిమిది నెలల్లో ఇది కట్టింది యాభై ఒక్క వేల పైన. ఇప్పటి బాకీ లక్షా ఇరవై ఒక్క వేల మూడు వందలు.

"ఎట్లవ్వా?"

"నెలకు మూడున్నర శాతం. ఆ వడ్డీ మీద మళ్ళీ జీఎస్‌టీ. నువ్వు కట్టే ఐదు శాతంలో నాలుగు వాళ్ళ నోట్లోకి, ఒకటి బాకీలోకి. పైగా పాత బాకీ ఉన్నంత కాలం కొత్తగా ఏది కొన్నా గడువు లేదు, గీకిన రోజు నుంచే వడ్డీ. ఇట్లే కడుతూ పోతే సగానికి దిగడానికి అరవై నాలుగు నెలలు. అప్పటికి నాకు ఎనభై."

అది కాగితం వైపే చూస్తూ, "లోన్ యాప్‌లో నెలకు రెండున్నరే అవ్వా" అంది.

"ఆ యాప్ పేరు నా ముందర ఇంకొకసారి ఎత్తితే మిషన్లు తీసి పక్కన పెడతా. అప్పుడు పిలుస్తా ఉండు."

నవ్వింది. పన్నెండు రోజుల తర్వాత.

జూన్ 22, ఆదివారం

యుద్ధం. నా డిపాజిట్ ఒకటుంది, లక్షన్నర. అంగడి ఆఖరి సరుకు అమ్మితే వచ్చింది. నేను పోయిన రోజు ఎవరి ముందూ చెయ్యి చాచకూడదని పెట్టుకున్నది. అది తీసి కార్డుకు కట్టేస్తానన్నాను.

"ముట్టొద్దవ్వా అది! అది నీ… అది వేరే."

"నేను పోయే దినానికి బ్యాంకు నాకు ఏడు శాతం ఇస్తా ఉండాది. నువ్వు బతికే దినాలకు నీ దగ్గర నలభై రెండు శాతం లాగుతా ఉండాది. ఇది చూసి కూడా చేతులు కట్టుకుని కూర్చుంటే నేను లెక్కల టీచరు ఎట్లయితా?"

"నాకు ఊరికే వద్దు."

"ఊరికే ఎవరిస్తారు నీకు? నెలకు ఆరున్నర వేలు, ఇప్పుడు కట్టేదే, నాకు కట్టు. నేనూ ఏడు శాతం తీసుకుంటా. ఇరవై నెలల్లో ముగుస్తాది."

"ఒక నెల లేట్ అయితే?"

"వడ్డీ పెరగదు. నా నోరు పెరుగుతాది."

అయితే యాప్ వడ్డీయే నయమేమో అంది. కొట్టబోయాను. కొంగు పట్టుకుని నడుము చుట్టూ చేతులు వేసి నిలబడిపోయింది. మిషన్‌లో దాని ఊపిరి గాలివాన లాగా వినిపించింది. తీయలేదు.

జూన్ 30, సోమవారం

బ్యాంకు. కౌంటర్‌లో అబ్బాయి, "గడువుకు ముందే తీస్తే ఒక శాతం కట్ అవుతుందమ్మా" అన్నాడు.

"కొయ్యి నాయనా."

"కారణం ఏమని రాయమంటారు?"

"చావు వాయిదా పడిందని రాసుకో."

అతను 'వ్యక్తిగతం' అని రాసుకున్నాడు. నవ్య అక్కడే నిలబడి ఫోనులో కార్డుకు మొత్తం కట్టింది. లక్షా ఇరవై ఒక్క వేల మూడు వందలు. బయట సందులో ఇద్దరం బాదం పాలు తాగాం. నగదు ఇచ్చి.

జూలై 5, శనివారం

నెలనెలా మొదటి శనివారం అని ఒప్పందం. పొద్దున్నే స్నానం చేసి, కవరులో ఆరున్నర వేలు పెట్టి, వీధి తలుపు దగ్గర నుంచి లోపలికి వచ్చింది, వసూలు మనిషి కాదు గానీ బాకీ మనిషి లాగా. "అమ్మగారూ, ఉండారా?"

కాఫీ ఇచ్చాను. శనివారం వచ్చినవాళ్ళకు కాఫీ ఇవ్వడం ఈ ఇంటి అలవాటు.

జూలై 19, శనివారం

నిన్నటి బిల్లులో పందొమ్మిది వందల డెబ్బై ఆరు రూపాయలు! మొత్తం కట్టేశాక ఇదేమిటని నవ్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బిల్లు వచ్చిన పద్దెనిమిదికీ కట్టిన ముప్పైకీ మధ్య పన్నెండు రోజుల వడ్డీ అది. లెక్క వేసి చూశాను, సరిగ్గానే ఉంది. సరిగ్గా ఉండటం వల్లనే ఇంకా కోపం వచ్చింది. ఈ రోజే అదీ కట్టించాను.

కార్డు విరిచేస్తానంది. వద్దన్నాను. మీ తాత సూరత్ మిల్లును తిట్టలేదు, వాడుకున్నాడు అని చెప్పాను. ఈ రోజు పందొమ్మిదో తేదీ. ఇప్పుడు కొన్నది ఆగస్టు పద్దెనిమిది బిల్లులో వస్తుంది, సెప్టెంబరు ఏడుకు కడితే చాలు. యాభై రోజులు వాళ్ళ డబ్బు మన దగ్గర, పైసా వడ్డీ లేకుండా. కిరాణా, కరెంటు, గ్యాసు, అంటే ఎట్లాగూ ఖర్చయ్యేవే, కార్డు మీద. ఎంత గీకితే అంత ఆ రోజే వేరే ఖాతాలోకి. ఆ ఖాతాకు నవ్య ఫోనులో పేరు పెట్టింది: "తాత సంచి".

సంచి గురించి మొన్న జూన్ వరకు నాకే తెలియదని దానికి చెప్పలేదు. ఒక్కసారిగా అన్నీ ఒప్పుకోనక్కర లేదు.

ఆగస్టు 2, శనివారం

కవరు. కాఫీ. ఈసారి దోసె కూడా. రెండు తింది.

సెప్టెంబరు 5, శుక్రవారం

టీచర్ల దినం. పాత విద్యార్థులు ముగ్గురు ఫోను చేశారు, ఇద్దరి గొంతు గుర్తుపట్టాను.

గడువు ఏడో తేదీ. రెండు రోజుల ముందే నవ్య బిల్లు కట్టింది. ఏడు వేల ఎనిమిది వందల నలభై, పూర్తిగా, తాత సంచిలోంచి. వడ్డీ అన్న చోట సున్నా. నా కెరీర్‌లో ఇంత అందమైన సున్నా ఎవరికీ వేయలేదు.

తర్వాత ఒక చిన్న పొట్లం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. చెవి మిషన్ల బ్యాటరీలు, ఆరేసి ఉన్న అట్టలు నాలుగు. "నువ్వు కొనుక్కోవని తెలుసు. డబ్బు ఇవ్వలేదవ్వా. కార్డు పాయింట్లు. నీ మిషన్లు కొన్నప్పుడు వచ్చినవి, అప్పటి నుంచి అట్లే పడి ఉండాయి."

మిషన్లు కొన్నందుకు వచ్చిన పాయింట్లతో మిషన్లకు తిండి. ఆయన ఉంటే ఈ బేరం గురించి పేటంతా చెప్పుకుని తిరిగేవారు. రెండు చెవులకూ కొత్తవి వేసుకున్నాను. ఇక మీదట రోజంతా ఆపను. రాసుకుంటున్నాను కాబట్టి తప్పదు.

ఇప్పుడు వంటింట్లో ఉంది. కాసేపటి క్రితం, మామూలు మనిషికి కూడా అందనంత మెల్లగా, అడిగింది.

"అవ్వా, వినపడతా ఉండాదా?"

పదకొండు నెలల్లో మొదటిసారి జవాబిచ్చాను.

"వినపడతా ఉండాది. పప్పు అడుగంటేది కూడా."